కావలి పక్కన ఫ్రీ డిష్ మళ్లీ బిగించాలి: ఏ వైరు, ఎంత డిష్, రెండు టీవీలకు ఏం కొనాలి?

కావలి_మిద్దె:
సముద్రానికి మూడు కిలోమీటర్ల లోపలే ఇల్లు. కింద ఒక పోర్షను, పైన ఒకటి. మిద్దె మీది డిష్ నుంచి కింది హాల్లో టీవీకి వైరు కొలిస్తే 35 మీటర్లు, పై గదికి 14. ఇప్పుడున్నది 60 సెంటీమీటర్ల డిష్, తెల్ల వైరు, దారిలో రెండు జాయింట్లు. వాన గట్టిగా పడితే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి సిగ్నల్ లేదంటోంది. షాపులో లైన్ బూస్టరు పెట్టమంటున్నారు. డీడీ ఫ్రీ డిష్ చాలు, నెలనెలా కట్టే ప్యాకేజీ వద్దు. బూస్టరు పని చేస్తుందా? వైరు ఏది కొనాలి? డిష్ పెద్దది చేయాలా? రెండు టీవీలకు ఒకే డిష్ సరిపోతుందా?

డీబీ_లెక్కలు:
బూస్టరు సంగతి ముందు తేల్చేద్దాం, డబ్బు దండగయ్యేది అక్కడే. బాక్స్ మెనూలో రెండు గీతలుంటాయి కదా, స్ట్రెంత్, క్వాలిటీ. వైరు చివరికి మొత్తం ఎంత జోరుగా వస్తోందో చెప్పేది స్ట్రెంత్. అందులో ఉపగ్రహం గొంతు ఎంతో, ఉత్త గరగర ఎంతో దానికి పట్టదు. గరగరలోంచి ఆ గొంతు ఎంత తేటగా బయటపడుతోందో చెప్పేది క్వాలిటీ. కుంభవృష్టి పడితే ఫ్రీ డిష్ వాడే 11 గిగాహెర్ట్జ్ దగ్గర 10 డీబీ పైగా (డీబీ సిగ్నలు హెచ్చుతగ్గుల కొలత, 10 పోతే మిగిలేది పదో వంతే) గాల్లోనే పోవచ్చు, పైగా వాన తనవంతు గరగర కలుపుతుంది. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కాడ చివర సిగ్నలు పట్టే డబ్బా) దాటాక పెట్టే బూస్టరు రెండింటినీ కలిపే పెంచుతుంది. స్ట్రెంత్ గీత నిండుగా కనపడుతుంది, బొమ్మ మాత్రం రాదు.

ఇక మీ 35 మీటర్లకు లెక్క. ఫ్రీ డిష్‌లో 11470 ఫ్రీక్వెన్సీ తీసుకోండి. ఎల్‌ఎన్‌బీలో ఫ్రీక్వెన్సీని కిందికి దించే లోకల్ ఆసిలేటర్ 9750, తీసేస్తే వైరులో దిగేది 1720 మెగాహెర్ట్జ్. అక్కడ మంచి ఆర్‌జీ-6 వైరు (డిష్‌లకు మామూలుగా వాడే రకం) 100 మీటర్లకు సుమారు 28 డీబీ తింటుంది, అంటే 35 మీటర్లకు దగ్గర దగ్గర 10. ఎల్‌ఎన్‌బీ ముందే 50 డీబీకి పైన పెంచి పంపుతుంది కాబట్టి ఆ 10 పోవడం బాక్స్‌కు లెక్కలోకి రాదు. వైరు 60, 70 మీటర్లు దాటితేనే బూస్టరు మాట ఎత్తాలి. అప్పుడైనా అది ఎల్‌ఎన్‌బీ దగ్గర ఉండాలి గానీ టీవీ వెనక కాదు.

వానకు పోవడానికి అసలు కారణాలు రెండిట్లో ఒకటి: డిష్ గురి కాస్త పక్కకు జరిగి ఎండ రోజుల్లో కూడా క్వాలిటీ అంచు మీద నడుస్తుండాలి, లేదా జాయింట్లలోకి నీళ్లు దిగుతుండాలి. తేల్చుకోవడం తేలిక. వాన పడుతుండగా పోయి, నిలిచిన పది నిమిషాల్లో వచ్చేస్తే గురి సంగతి. వాన నిలిచినా గంటలు, ఒక్కోసారి మర్నాడు ఎండెక్కే దాకా రాకపోతే నీళ్లు.

పెన్నా_గట్టు:
పైన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. వైరు దగ్గరికి వస్తాను.

మీరు అడగాల్సింది ఆర్‌జీ-6, నల్ల తొడుగుది. తెల్ల పీవీసీ తొడుగు ఇంట్లో గోడల మీదికి బాగుంటుంది గానీ మన ఎండలకు మిద్దె మీద పెళుసెక్కి పగులుతుంది. నల్ల పాలిథిన్ తొడుగు ఎండకు తట్టుకుంటుంది. సీసీటీవీ వాళ్ల దగ్గర మిగిలిన ఆర్‌జీ-59 ఊరికే ఇస్తామన్నా వద్దు. మధ్య తీగ 0.8 మిల్లీమీటర్లే, నష్టం మూడో వంతు దాకా ఎక్కువ, పైగా ఆర్‌జీ-6 పిన్ను దాని మీద వదులుగా కూర్చుంటుంది. గాలికి ఊగినప్పుడల్లా బొమ్మ ఆగుతుంది.

మధ్య తీగ ఆర్‌జీ-6లో 1.02 మిల్లీమీటర్లు ఉండాలి. షాపులో చూడాల్సింది మూడు రకాలు. రాగి పూసిన ఇనుము ఒకటి, పూర్తి రాగి ఒకటి, రాగి పూసిన అల్యూమినియం ఒకటి. చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. అతుక్కుంటే ఇనుము. అతుక్కోకపోతే రాగి అని సంబరపడొద్దు, బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. నాలుగైదు సార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగుతుంది కూడా. అల్యూమినియంది ఎంత చవకైనా వదిలేయండి.

చుట్ట మీద 100 మీటర్లని అట్ట ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. వైరు తొడుగు మీద మీటరు మీటరుకీ అంకె అచ్చేసి ఉంటుంది, ఈ చివర అంకె, ఆ చివర అంకె చూసి తీసేస్తే నిజం బయటపడుతుంది.

ఒంగోలు_గిత్త:
ఆర్‌జీ-11 వేస్తే ఇంకా మంచిది కదా? నష్టం బాగా తక్కువ.

పెన్నా_గట్టు:
నష్టం తక్కువే. కానీ 10 మిల్లీమీటర్ల లావు వైరు అది, మధ్య తీగ 1.6 మిల్లీమీటర్లు, బాక్స్ సాకెట్లో దూరదు. దానికి సొంత పిన్ను ఉన్న వేరే కనెక్టరు కావాలి, కిటికీ మూలల్లో వంగదు. 35 మీటర్లకు అదంతా అనవసరపు గొడవ. అపార్ట్‌మెంటు అయిదో అంతస్తు నుంచి దించేటప్పుడు మాట్లాడుకుందాం.

డీబీ_లెక్కలు:
ఇనుమా రాగా అనే దగ్గర ఒక మాట. పూర్తి రాగి అయితే బొమ్మ స్పష్టత పెరుగుతుందని అమ్ముతుంటారు, అది తప్పు. ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో సిగ్నలు తీగ పైపొర మీదే నడుస్తుంది, లోపల ఇనుమున్నా రాగి ఉన్నా దానికి తేడా లేదు. తేడా వచ్చేది బాక్స్ పైకి పంపే కరెంటుకు. ఇనుప తీగ నిరోధం కిలోమీటరుకు 100 ఓముల దరిదాపు, రాగి అయితే 21. ఒక ఎల్‌ఎన్‌బీ లాగేది 120, 150 మిల్లీఆంపియర్లు. 35 మీటర్ల ఇనుప తీగలో అల్లిక (మధ్య తీగ చుట్టూ ఉండే సన్న తీగల జాలి) నిరోధంతో కలిపి 4, 5 ఓములు, అంటే అర వోల్టు పై చిలుకు పడిపోతుంది. ఉపగ్రహం సిగ్నలు నిలువు (వర్టికల్), అడ్డం (హారిజాంటల్) అని రెండు రకాలు, ఏది కావాలో ఎల్‌ఎన్‌బీకి చెప్పడానికి బాక్స్ ఇచ్చేది వర్టికల్‌కు 13, హారిజాంటల్‌కు 18 వోల్టులు. ఫ్రీ డిష్ మొత్తం వర్టికలే, అర వోల్టుకు ఏమీ కాదు.

నాలుగు నోళ్ల ఎల్‌ఎన్‌బీలు, డైసెక్ స్విచ్చులు (ఒకే వైరు మీద పలు ఎల్‌ఎన్‌బీలను మార్చేవి), డిష్ తిప్పే మోటారు ఉన్నచోట మాత్రం రాగే. మోటారు 400 మిల్లీఆంపియర్లు లాగితే ఇదే వైరులో రెండు వోల్టులు పడతాయి, 18 కాస్తా 16కు దిగుతుంది. ఇంకాస్త పొడవైతే ఎల్‌ఎన్‌బీ దాన్ని వర్టికల్ అనుకుంటుంది, సగం ఛానెళ్లు మాయమవుతాయి. జనం డిష్ తిప్పుతూ కూర్చుంటారు.

ఉప్పుగాలి:
లెక్కల్లో ఇనుము సరిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ ఇల్లు సముద్రానికి మూడు కిలోమీటర్లలో ఉంది. కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు ఈ వరసంతా అదే కథ. పిన్ను వేసేటప్పుడు బ్లేడు మధ్య తీగకు ఒక్క గీత పెట్టినా రాగి పొర పోయి కింద ఇనుము గాలికి తగులుతుంది, ఉప్పు తేమకు ఎర్ర తుప్పు మొదలవుతుంది. పూర్తి రాగికి గీత పడినా పైన చిలుము పడుతుందే గానీ లోపలికి తినేయదు. కాబట్టి మీకు రాగిది. సింగరాయకొండ దాటి లోపలికి, కనిగిరి వైపో పొదిలి వైపో అయితే ఇనుముదైనా నేను అభ్యంతరం పెట్టను.

ఇంకా ముఖ్యం పిన్నులు. వైరు మీద వందలు పోసి పిన్ను దగ్గర పదికి కక్కుర్తి పడతారు. చేత్తో తిప్పి ఎక్కించే రకం వద్దు, ఏడాది తిరక్కుండా వదులవుతుంది. ఇత్తడి మీద నికెల్ పూత ఉన్న కంప్రెషన్ కనెక్టరు తీసుకోండి, దాన్ని నొక్కే పనిముట్టు ఉన్న కుర్రాణ్ని పిలవండి. ఎలా వేయాలో మీరు పక్కన నిలబడి చూడాల్సినవి చెప్తాను.

పై తొడుగు చివరి నుంచి 13 మిల్లీమీటర్లు తీయాలి. అల్లికను వెనక్కి, తొడుగు మీదికి మడవాలి. లోపల తెల్ల నురుగు మీద అంటుకున్న రేకును పీకకూడదు, అట్లే ఉండాలి. ఆ నురుగును చివరి నుంచి సగం, అంటే ఆరేడు మిల్లీమీటర్లు కోస్తే మధ్య తీగ బయటికొస్తుంది. ఇక్కడే బ్లేడు గట్టిగా నొక్కి తీగను గాయం చేస్తారు. స్ట్రిప్పరు వాడితే ఆ భయం ఉండదు. కనెక్టరు ఎక్కించాక లోపల తెల్ల నురుగు అంచు కనెక్టరు నేలతో సమంగా రావాలి, మధ్య తీగ నట్టు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయట ఉండాలి. తక్కువైతే సాకెట్టుకు అందదు, ఎక్కువైతే లోపలి పట్టును వంచేస్తుంది. అల్లికలో ఒక్క వెంట్రుక మధ్య తీగకు తగిలినా షార్టు, బాక్స్‌లో ఎల్‌ఎన్‌బీ ఓవర్‌లోడ్ అని చూపిస్తుంది. బిగించేది వేళ్లతో పూర్తిగా, ఆ పైన 11 నంబరు పానాతో ఆరో వంతు చుట్టు. అంతకు మించి బిగిస్తే ఎల్‌ఎన్‌బీ మెడ విరుగుతుంది.

తర్వాత నీటి కాపు. రబ్బరు బూటు ఉంటే వేయండి. దాని మీద సాగదీస్తే తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపు, కింది నుంచి పైకి సగం సగం మీద పడేట్టు చుట్టాలి. పై నుంచి కిందికి చుడితే మడతల్లో నీళ్లు నిలుస్తాయి, పెంకులు తిరగేసి పరిచినట్టే. కరెంటు పనివాళ్ల మామూలు నల్ల టేపు ఒక్క వేసవికే జిగురు కారుతుంది, దాన్ని రబ్బరు టేపు పైన ఎండ కాపుగా వేస్తే సరి. సిలికాన్ పూస్తామంటే ట్యూబు మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే వద్దు, అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది. వాసన లేని రకం అడగండి.

ఎల్‌ఎన్‌బీ నుంచి వచ్చే వైరు కాడ కిందికి ఒక వంపు వేలాడాలి, ఇంట్లోకి దూరే చోట కూడా. నీళ్లు ఆ వంపు అడుగునే రాలిపోతాయి. గోడ రంధ్రం బయటి వైపు కిందికి వాలుగా తొలిపించండి.

కావలి_మిద్దె:
వివరం చాలా ఉపయోగం. దారిలో రెండు జాయింట్లు ఉన్నాయని చెప్పాను, ఆ ఒక్క వైరే మార్చితే చాలా? ఇంకా డిష్ సైజు మిగిలింది.

పెన్నా_గట్టు:
జాయింట్లు పెట్టకుండా ఒకే ముక్క వేయించండి. ఒక్కో జాయింటరు తినేది అర డీబీ లోపే, నష్టం దానితో కాదు, అది నీళ్లు దూరే తలుపు. తప్పనిసరి అయితే ఇంటి లోపల పెట్టండి. వైరు వంపు పిడికిలి కన్నా ఇరుకుగా ఉండకూడదు, ఏడెనిమిది సెంటీమీటర్ల గుండ్రం ఉండాలి. క్లిప్పు మేకు సుత్తితో కొట్టేటప్పుడు వైరు నొక్కుకుపోతే ఆ చోట నురుగు చితికి సిగ్నలు వెనక్కి తంతుంది. అన్ని ఛానెళ్లూ బాగుండి ఒకటి రెండు ఫ్రీక్వెన్సీలే రాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఒంగోలు_గిత్త:
డిష్ 90 పెట్టండి అన్నా. వానకు నిశ్చింత.

డీబీ_లెక్కలు:
60 నుంచి 90కి పోతే లాభం మూడున్నర డీబీ. చిన్నది కాదు. 75కి అయితే రెండు డీబీకి కాస్త తక్కువ. మామూలు వానలకు ఆ రెండూ గట్టెక్కిస్తాయి, కుంభవృష్టికి 90 కూడా కాసేపు పోతుంది, ఇది ముందే మనసులో పెట్టుకోండి. మనకు ఒక అదృష్టం ఉంది. ఈ ఉపగ్రహం కావలిలో 66, 67 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తి వైపు ఉంటుంది. కిరణం వాన పొరను నిటారుగా చీల్చుకుని వస్తుంది, వానలో నడిచే దూరం తక్కువ. ఉపగ్రహం కిందుగా కనిపించే ఊళ్లలో అదే వాన ఇంకా దెబ్బ కొడుతుంది.

గాలి లెక్క కూడా వేసుకోండి. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే 60 డిష్ మీద 17, 18 కిలోల తోపు. 75 అయితే 28. 90కి 40 కిలోలు. మీది తుపాను తీరం, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటే ముందు నెల్లూరు, ప్రకాశం తీరం పొడవునా పాకుతూ పోయింది. తోపుకు డిష్ ఊడిపోవక్కర్లేదు, స్తంభం మీద రెండు డిగ్రీలు తిరిగితే చాలు, క్వాలిటీ సగమవుతుంది.

ఉప్పుగాలి:
అందుకే నా ఓటు 75కి. పిట్టగోడ నాలుగంగుళాల ఇటుకదైతే దానికి బిగించొద్దు, ఊగి ఊగి సిమెంటు రాలుతుంది. శ్లాబుకు రంధ్రం చేస్తే వానకాలం కింద గదిలో మరక. మెట్ల గది గోడ తొమ్మిది అంగుళాలది ఉంటుంది, దానికి నాలుగు యాంకర్ బోల్టులు కొట్టండి. రంధ్రం ఎంత అన్నది బోల్టు ప్యాకెట్టు మీద ఉంటుంది. ఇటుకల మధ్య సిమెంటు గీతలో కాదు, ఇటుక నడిమధ్యలో పడాలి. స్తంభం జింకు పూతది, నట్లు స్టెయిన్‌లెస్‌వి, మరల మీద గ్రీజు. అదేం చేయకపోతే మూడేళ్లకు గురి సరిచేద్దామని ఎక్కితే నట్టు తిరగదు, విరుగుతుంది.

డిష్ కొనేటప్పుడు ఒక పరీక్ష. అంచు నుంచి అంచుకు రెండు దారాలు ప్లస్ గుర్తులా లాగి కట్టండి. రెండూ మధ్యలో ఒకదాన్నొకటి ఆనీ ఆననట్టు తాకాలి. మధ్యలో సందు కనపడితే డిష్ వంకర పోయింది. లారీలో ఒకదాని మీద ఒకటి పేర్చి తెచ్చినవాటిలో ఇలాంటివి తగులుతుంటాయి.

వెలిగొండ_నీడ:
మార్కాపురం వైపు నుంచి ఒక్క మాట. ఆరడుగుల సీ బ్యాండ్ డిష్ పెడితే వానకు చలించదు, 4 గిగాహెర్ట్జ్‌కు వాన లెక్కే లేదు. వైరులో కూడా 950 నుంచి 1450 మెగాహెర్ట్జ్ లోపలే నడుస్తుంది, నష్టం తక్కువ. కానీ గట్టి రేకు డిష్ అయితే ఇందాకటి గాలికి తోపు 160 కిలోలు, జాలీది అయితే కొంత నయం. ఇంకొకటి, 83 డిగ్రీల ఉపగ్రహాలకు ఇక్కడ ఎత్తు 70 దాటుతుంది, రేకు డిష్ ఆకాశానికి గిన్నెలా తెరుచుకుని నీళ్లు పడుతుంది. అడుగున రంధ్రం చేసుకోవాలి. ఇప్పుడు 5జీ కూడా తోడైంది. మన దేశంలో 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ దాకా ఫోన్లకు ఇచ్చారు, ఉపగ్రహానిది 3700 నుంచి మొదలు. టవరు దగ్గరుంటే మామూలు సీ బ్యాండ్ ఎల్‌ఎన్‌బీకి ఊపిరాడదు, 3.7 నుంచి 4.2 దాకా మాత్రమే వదిలే ఫిల్టరు వేయాలి. ఫ్రీ డిష్ చాలన్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు లెండి, అడిగేవాళ్లు ఉంటారని చెప్పాను.

కావలి_మిద్దె:
75 ఖాయం చేసుకున్నాను. ఎల్‌ఎన్‌బీ మీద 0.1 డీబీ అని పెద్ద అక్షరాలతో ఉన్నది తీసుకోవాలా? గురి ఎలా పెట్టాలో కూడా చెప్పండి, చేత్తో పట్టుకునే మీటరుతో కుదురుతుందా?

డీబీ_లెక్కలు:
0.1 అంకె పెట్టె అలంకారం. నిజంగా కొలిస్తే చాలావాటికి అంతకు ఎంతో ఎక్కువే వస్తుంది. యూనివర్సల్ అని, 9750, 10600 అని రాసి ఉన్నది, నోటి మూత గట్టిగా ఉన్నది చాలు. ఆ ప్లాస్టిక్ మూత ఎండకు పగిలితే లోపలికి నీళ్లు, కందిరీగలు. ఏడాదికోసారి చూడండి.

చేతి మీటరు పీప్ మంటుంది గానీ ఏ ఉపగ్రహానికి పీప్ మందో చెప్పదు. ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి. పక్కనే 91.5లో ఒకటి, 95లో ఒకటి ఉన్నాయి. 60 డిష్ చూపు వెడల్పే మూడు డిగ్రీలు. మీటరు మూడింటికీ ఒకేలా కూస్తుంది. అసలు సాక్షి బాక్సే. 11090, వర్టికల్, సింబల్ రేటు 29500 పెట్టి క్వాలిటీ గీత చూడండి, తర్వాత స్కాన్ చేసి డీడీ సప్తగిరి పడిందో లేదో చూడండి.

(జీశాట్-15 శ్రీహరికోట నుంచి పోయిందనుకుంటారు పక్కనే ఉంది కాబట్టి. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 మోసుకెళ్లింది.)

పెన్నా_గట్టు:
గురి వరస ఇదీ.

మొదట స్తంభం నిటారు. మట్టపలక రెండు వైపుల నుంచి ఆనించి చూడాలి. స్తంభం వాలితే డిష్ వెనక ఉన్న డిగ్రీల స్కేలు అబద్ధమాడుతుంది. తర్వాత దిక్కు. నెల్లూరులో నిజ ఉత్తరం నుంచి 136 డిగ్రీలు, ఒంగోలులో 138, కావలి ఆ మధ్యలో. అంటే కచ్చితంగా ఆగ్నేయం. వాస్తు ప్రకారం వంటింటి మూల అని ఎవరైనా అభ్యంతరం పెడితే ఉపగ్రహాన్ని జరపలేమని చెప్పండి. ఫోన్ దిక్సూచి స్తంభం పక్కన పెట్టి చూడొద్దు, ఇనుముకు సూది తిరుగుతుంది. రెండు మూడు మీటర్లు దూరంగా నిలబడి, ఆ దిక్కులో దూరాన ఏదో ట్యాంకునో కొబ్బరిచెట్టునో గుర్తు పెట్టుకుని దానికి తిప్పండి.

ఎత్తు స్కేలు 67 దగ్గర. ఇది ఆఫ్‌సెట్ డిష్, అంటే ఎల్‌ఎన్‌బీ నడిమధ్యన కాక కింది వైపు ఉండే రకం, కాబట్టి ముఖం అంత పైకి చూడదు, నిలువు నుంచి 40 డిగ్రీల పైచిలుకు వెనక్కి వాలి ఉంటుంది, అది చూసి కంగారు పడొద్దు. ఉపగ్రహం ఇంత ఎత్తున ఉన్నప్పుడు పక్కలకు రెండున్నర డిగ్రీలు తిప్పితే ఆకాశంలో చూపు కదిలేది ఒక్క డిగ్రీనే, కానీ పైకీ కిందికీ ఒక డిగ్రీ అంటే నిండుగా ఒక డిగ్రీ. అందుకని ఎత్తు బోల్టు మీద ఎక్కువ ఓపిక పెట్టండి. 75 డిష్ అంచు దగ్గర ఒక డిగ్రీ అంటే ఆరేడు మిల్లీమీటర్లు. అంతంతే జరిపి, ప్రతిసారీ మూడు సెకన్లు ఆగండి. బాక్స్ ఆలోచించి చెప్తుంది, మనం తొందరపడి దాటేస్తాం.

క్వాలిటీ దొరికాక, అది సగానికి పడే దాకా ఎడమకు తిప్పి స్తంభం మీద గీత పెట్టండి, అట్లే కుడికి తిప్పి ఇంకో గీత. రెండు గీతల మధ్య బిగించండి. ఎత్తుకు కూడా ఇదే.

చివరగా ఎల్‌ఎన్‌బీ మెలిక. చాలామంది నిటారుగా పెట్టి వదిలేస్తారు. ఉపగ్రహం మన దక్షిణానికి పక్కగా ఉంది కాబట్టి మన జిల్లాల్లో దాన్ని 40 డిగ్రీల దరిదాపు తిప్పాలి. డిష్ వెనక నిలబడి ఉపగ్రహం వైపు చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో. స్కేలు గుర్తులు కంపెనీని బట్టి మారతాయి, అంకెను గుడ్డిగా నమ్మకుండా ఐదైదు డిగ్రీలు తిప్పుతూ క్వాలిటీ ఎక్కడ ఎక్కువుందో అక్కడ ఆపండి. వానకు పోతోందన్న ఇళ్లలో డిష్ కదపకుండా ఇదొక్కటి సరిచేస్తేనే తేడా కనిపిస్తుంది. నట్లు ఒకవైపే బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి, బిగింపుకు గురి జరుగుతుంది. గీత మీద కన్నుండాలి.

వెలిగొండ_నీడ:
చెట్టు అడ్డముందో లేదో తెలియడానికి సూర్యుణ్ని వాడుకోండి. మార్చి మధ్యలో నాలుగైదు రోజులు ఉదయం 11 గంటల 15 నిమిషాల ప్రాంతంలో, సెప్టెంబరు ఆఖర్లో 11కు కాస్త అటూ ఇటూగా, సూర్యుడు సరిగ్గా ఈ ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ నిమిషాల్లో డిష్ మీద ఆకు నీడ పడితే ఆ కొమ్మే మీ శత్రువు. అదే సమయంలో బొమ్మ కొద్ది నిమిషాలు పోతే డిష్ చెడిపోలేదు, సూర్యుడి రొద అది. ఆ పూట గురి కదపొద్దు. జామాయిల్, సుబాబుల్ రెండేళ్లలో ఎంత పెరుగుతాయో లెక్కేసుకుని చోటు ఎంచుకోండి.

కావలి_మిద్దె:
రెండో టీవీకి? ఒక వైరును రెండుగా చీల్చే స్ప్లిటర్ ఇంట్లో ఒకటి ఉంది, కేబుల్ టీవీ రోజులది.

డీబీ_లెక్కలు:
దాని మీద 5 నుంచి 1000 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది చూడండి. మీ వైరులో నడిచేది 1340 నుంచి పైకి. పనికిరాదు. 5 నుంచి 2400 అని, కరెంటు దాటనిచ్చే రకమని రాసి ఉన్నది కావాలి.

మామూలుగా రెండు బాక్సులకు స్ప్లిటర్ వాడకూడదు, ఒకటి 13 వోల్టులు, ఇంకొకటి 18 అడిగితే 18దే గెలుస్తుంది, రెండో టీవీ నల్లబడుతుంది. ఫ్రీ డిష్ ఛానెళ్లన్నీ ఒకే పోలరైజేషన్, ఒకే బ్యాండ్ కాబట్టి ఇక్కడ ఆ గొడవ లేదు. బాక్సుల వైపు పోయే రెండు కాళ్లలోనూ కరెంటు పోనిచ్చే, లోపల డయోడ్లున్న స్ప్లిటర్ తీసుకోండి. ఒకే కాలిలో పోనిచ్చేదైతే ఆ కాలి బాక్స్ ఆపినప్పుడల్లా రెండోది కూడా ఆగుతుంది. నష్టం 4, 5 డీబీ, మీకు చెల్లుతుంది. రేపు ఎప్పుడైనా డబ్బు కట్టే సర్వీసుకు మారే ఆలోచన ఉంటే రెండు నోళ్ల ఎల్‌ఎన్‌బీ, రెండు వైర్లు. ఎలాగూ కొత్త వైరు వేయిస్తున్నారు కాబట్టి నేనైతే రెండో వైరు ఇప్పుడే లాగించమంటాను.

పెన్నా_గట్టు:
బాక్స్ గురించి ఎవరూ అనలేదు. పాత ఎంపెగ్-2 బాక్స్ అయితే ఎంపెగ్-4లో (బొమ్మను కుదించి పంపే కొత్త పద్ధతి) వచ్చే ఛానెళ్లు చూపదు, ఎన్నిసార్లు స్కాన్ చేసినా అంతే. కొత్తది ఎంపెగ్-4, డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ ప్రసారాల కొత్త ప్రమాణం) రెండూ రాసి ఉన్నది కొనండి. టీవీలోనే శాటిలైట్ ట్యూనర్ ఉంటే పై గదికి బాక్స్ అక్కర్లేదు, మెనూలో ఎల్‌ఎన్‌బీ పవర్ ఆన్ చేయడం మర్చిపోవద్దు. చాలా టీవీల్లో అది ఆఫ్‌లో వస్తుంది, జనం డిష్‌ను తిడతారు.

కావలి_మిద్దె:
డిష్ ముట్టుకుంటే చిమచిమ మంటోంది. కరెంటు లీకా?

ఉప్పుగాలి:
రెండు పుల్లల అడాప్టర్ బాక్సులన్నిటికీ ఉండేదే. లోపలి ఫిల్టరు కెపాసిటర్ నుంచి కొద్దిపాటి కరెంటు వైరు అల్లిక మీదికి వస్తుంది. మనిషికి ప్రమాదం తక్కువే, కానీ నిచ్చెన మీద ఉలిక్కిపడితే పడేది మనమే. పట్టి లాగినట్టు గట్టిగా కొడితే మాత్రం అది వేరే, ఇంటి వైరింగు చూపించాలి. పిన్ను పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ బాక్స్ ప్లగ్గు గోడ నుంచి పీకేయండి, ఎల్‌ఎన్‌బీ షార్టు, హెచ్‌డీఎంఐ పోర్టు పోవడం రెండూ అక్కడే జరుగుతాయి. స్తంభం నుంచి ఎర్త్ గుంతకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయండి. వైరు ఇంట్లోకి దూరే ముందు గ్రౌండింగ్ బ్లాకు ఒకటి పెట్టి అదే తీగకు కలపండి. చిమచిమ పోతుంది. నేరుగా పిడుగు పడితే అది కాపాడదు, ఉరుములప్పుడు వైరు పిన్ను, ప్లగ్గు రెండూ పీకాలి. మెరుపులు మొదలయ్యాక కాదు, మబ్బు కమ్మినప్పుడే.

కావలి_మిద్దె:
ఆఖరి ప్రశ్న. పాత తెల్ల వైరు పై గదికి 14 మీటర్లు పనికొస్తుందా, పారేయాలా?

పెన్నా_గట్టు:
మిద్దె మీదున్న చివర ఒక జానెడు కోసి అల్లిక చూడండి. తెల్లగా మెరుస్తుంటే వాడుకోవచ్చు, ఇంటి లోపల మాత్రమే. నల్లబడి పొడి రాలుతుంటే ఇంకో మీటరు కోసి చూడండి. అల్లిక దీపం వత్తిలా నీళ్లు పీలుస్తుంది, జాయింటు దగ్గర దూరిన తేమ మీటర్ల దూరం లోపలికి పాకుతుంది. మూడో కోత దగ్గర కూడా నలుపే కనపడితే బట్టలారేసుకునే తీగగా కట్టుకోండి, దానికి చాలా గట్టి వైరు.